చూసుకునేటోళ్లు ఉన్నరు కాబట్టే

పందొమ్మిదివందల తొంభై ఎనిమిది. మెదక్‌ల కోర్టు ఎదురుంగ, కొత్తగ పెట్టిన ఎస్టీడీ బూతుకు జిరాక్స్ దుకాణానికి నడుమ ఇరికిన రేకుల డబ్బా నాది. అండ్ల ఒక పాత టైపు మిషను, ఒక కుర్చీ. బయట బెంచీ, నీళ్ల కుండ. జాబ్ టైపింగ్ అంటె గదే, మంది తెలుగుల చెప్పుకునే గోసను ఇంగ్లిషు అర్జీ చేసి కొట్టిచ్చుడు. నేను ఇంటర్ ఫెయిలు. ఇంగ్లిషు మాట్లాడుమంటె నాలుక పిడచగట్టుకపోతది. కొట్టుమంటె మాత్రం కండ్లు మూసుకొని కొడుత.

నాకున్న ఇంగ్లిషంత టైపు నేర్పిన మా ఉస్తాదు ఇచ్చిపోయిన వాక్యాలే. అండ్ల అన్నిటికంటె గిరాకీ ఉన్నది ఒకటుండె: "దేర్ ఈజ్ నోబడీ టు లుక్ ఆఫ్టర్ మై ఏజ్డ్ పేరెంట్స్." మా ముసలి అమ్మనాయినలను చూసుకునేటోళ్లు ఎవ్వరు లేరు, అని. ట్రాన్స్‌ఫర్ ఆపుకోవాల్నంటె ఏ ఉద్యోగి అర్జీలనైన ఈ వాక్యం పడాల్సిందే. కొత్తల ఉస్తాదును అడిగిన, "లుక్ అంటె చూసుడు, ఆఫ్టర్ అంటె తర్వాత. తర్వాత చూసుడేంది ఉస్తాద్?" అని. ఆయన బీడీ పక్కకు వెట్టి, "రెండు కలిస్తె చూసుకునుడు అయితదిరా. పిల్లను చూసుకున్నా అదే, బర్రెను చూసుకున్నా అదే, సెలవు మీద పోయిన సారు పనిని చూసుకున్నా అదే. ఎక్కువ అడగకు, కొట్టు" అన్నడు. గంతే, ఇరవై ఏండ్లు అడగకుండ కొట్టిన. అమ్మనాయినలు ఎన్నడో కాలం జేసినోళ్లకు గూడ కొట్టిన. దేవుడు మన్నించాలె.

ఆ ఎండకాలం ఒక సోమవారం పగటీలి సులోచన అని ఒకామె వచ్చింది. ఒక సర్కారీ ఆఫీసుల జూనియర్ అసిస్టెంటు, ముప్పై అయిదేండ్లు ఉంటయి. చేతుల పది రోజుల కింద నేను కొట్టిన అర్జీనే ఉన్నది. అప్పుడు ఆమె రాలేదు, వాళ్ల అటెండరును పంపింది. నారాయణఖేడ్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది, ఇంట్ల మతి సక్కగ లేని అన్న ఉన్నడు అని అటెండరు చెప్తె, "పేరెంట్స్" ఉన్న కాడ "బ్రదర్" పెట్టి అదే వాక్యం కొట్టిచ్చిన. సంగారెడ్డిలున్న జిల్లా ఆఫీసరు దాని మీద ఎర్ర సిరాతోని, అన్నను వెంట తీసుకపోవచ్చు అని రాసి వాపస్ పంపిండు. వచ్చే సోమవారం ఆమె రిలీవ్ కావాలె, అంటె ఇక్కడి కుర్చీ ఖాళీ చేసి పోవాలె.

"ఇది మీరు కొట్టిందేనా కాకా?" అన్నది.

"నేనే. ఏం, తప్పులున్నయా?"

"తప్పుల్లేవు. అబద్ధం ఉన్నది."

నాకు సర్రున కోపం లేసింది. "అమ్మా, జిల్లాల సగం మంది ఉద్యోగులు ఈ వాక్యం మీదనే నెట్టుకొస్తున్నరు. నీ ఒక్కదానికే అబద్ధమైందా?"

"ఎవ్వరు లేరని రాసిండ్రు. మా అన్నను చూసుకునేటోళ్లు మెదక్‌ల మస్తుమంది ఉన్నరు. ఉన్నరు కాబట్టే పోలేనంటున్న. నారాయణఖేడ్‌ల ఎవరున్నరు?"

ఇన్నేండ్లల్ల ఇట్ల ఉల్టా మాట్లాడిన మనిషి ఒక్కరు గూడ రాలే. కోపం అట్లనే ఉన్నది గాని, ఇదేందో చూద్దామని బుద్ధి పుట్టింది. "కూసో బిడ్డా, ఎవలెవలున్నరో చెప్పు" అన్న.

వాళ్లన్న పేరు నర్సింలు. లారీ డ్రైవరు. ఆరేండ్ల కింద రామాయంపేట దాటినంక బండి పల్టీ కొట్టి తలకు దెబ్బ తాకింది. పానమైతె దక్కింది. పేర్లు పోయినయి, మాటలు పోయినయి. మిగిలింది కాళ్లకు తెలిసిన మెదక్ గల్లీలు మాత్రమే. ఇంట్ల ఉంచి తాళమేస్తె తలుపుకు తల కొట్టుకుంటడు, వదిలిపెడితె దినమంత తిరిగి పొద్దుగూకకముందే తనంతట తనే ఇల్లు చేరుకుంటడు. ఒకపారి అల్లాదుర్గ్‌ల చుట్టాల పెండ్లికి తీసుకపోతె అర్ధగంటల తప్పిపోయిండు. రెండో నాడు చెరుకు తోటల దొరికిండు, పెదవులు పగిలి, కాళ్లు నెత్తురు కారుకుంట. "ఇంకో నాడు ఆలస్యమైతె మాకు దక్కకపోతుండె కాకా" అన్నది.

తర్వాత ఆయన దినం ఎట్ల గడుస్తదో చెప్పుకొచ్చింది. "పొద్దుగాల బస్టాండు కాడ హోటల్ యాదగిరి చాయ్ చల్లార్చి ఇస్తడు, అన్నకు వేడి తెలుస్తలేదు. తాగినంక పోయి బస్సుల డ్రైవరు సీటెక్కి కూసుంటడు. కండక్టర్లు తిట్టరు, కొట్టరు. 'అన్నా, నీ డ్యూటీ అయిపోయింది, దిగు' అంటరు. బుద్ధిగ దిగుతడు. పగటీలి ఇస్త్రీ దుకాణం లక్ష్మమ్మ అంగీ గుండీలు సరిగ పెట్టి, నేను ఇచ్చిపోయిన సద్ది తినిపిస్తది. ఎండకు చర్చి కాంపౌండుల చెట్ల కింద పంటడు, వాచ్‌మన్ లేపి పంపుతడు. నాలుగింటికి మీ కాడికొస్తడు."

"నా కాడికా?"

"ఈ బెంచీ మీదనే గద కూసుంటడు. మిషను సప్పుడు ఇంటుంటడట. మీరు నీళ్లిస్తరని లక్ష్మమ్మ చెప్పింది. మీ పేరు గూడ రాయుండ్రి కాకా."

ఆ మనిషి రోజు వస్తడు, కూసుంటడు, లేసి పోతడు. ఎవలో ఏందో నేను ఏనాడు అడగలే. నీళ్లు నేను ఇచ్చింది లేదు, కుండలకెళ్లి తనే ముంచుకుంటడు. గిరాకీకి అడ్డమని రెండు మూడు సార్లు కసిరిన గూడ. ఆ సంగతి ఆమెకు చెప్పనీకి ధైర్యం చాలలే.

ఇగ కొట్టుడు మొదలువెట్టినం. చాయ్ చల్లార్చుడుకు ఇంగ్లిషు ఏందో నాకెట్ల తెలుస్తది? ఆమె చెప్తుంటె, నేను నసుగుకుంట, ఇద్దరం కొట్లాడుకుంట రెండు గంటలు పట్టింది. "యాదగిరి, హోటల్ కీపర్, లుక్స్ ఆఫ్టర్ హిమ్ ఇన్ ద మార్నింగ్." తర్వాత కండక్టర్లు, లక్ష్మమ్మ, వాచ్‌మన్. అందరికి "లుక్ ఆఫ్టర్" ఒక్కటే, కాని ఒకరిది చల్లార్చే పని, ఒకరిది దించే పని, ఒకరిది గుండీలు పెట్టే పని, ఒకరిది లేపే పని. ఉస్తాదు అడగొద్దన్నది ఇన్నేండ్లకు సమజయింది. ఆఖరుకు నా పేరు వచ్చింది. వేళ్లు ఆగినయి. "కొట్టుండ్రి కాకా" అన్నది. కొట్టిన.

ఆ నాలుగింటికి నర్సింలు వచ్చిండు. నేను గ్లాసు ముంచి ముంగట పట్టిన. గ్లాసును చూసిండు, నన్ను చూసిండు, లేసి పోయి కుండల తనే ముంచుకున్నడు. ఇన్నాళ్లు కసిరిన మర్యాదకు అది సరిపోయిందనుకున్న. మంగళవారం గూడ అట్లనే చేసిండు. బుధవారం తీసుకున్నడు.

సులోచన మంగళవారమే సంగారెడ్డి పోయి కాయితం ఆఫీసరు చేతికిచ్చి వచ్చింది. ఆయన అవునన్లే, కాదన్లే. గురువారం సాయంత్రం నా డబ్బా ముంగట జీపు ఆగింది. ఆయనే, మెదక్‌ల మీటింగుకు వచ్చి, కాయితంల ఉన్న వరుసన హోటలుకు, ఇస్త్రీ దుకాణానికి పోయి అడుక్కుంట వస్తున్నడు. నర్సింలు బెంచీ మీద ఉన్నడు.

"ఆర్ యూ ద టైపిస్ట్?"

"యెస్ సార్."

"డూ యూ లుక్ ఆఫ్టర్ హిమ్?"

ఆ కాయితంల ఒక్కటే అబద్ధం ఉన్నది, అది నాదే. అవునంటె పని అయిపోతది. కాని ఏండ్ల సంది చూసుకుంటున్ననని కోతలు కోసినంక, ఆయన ఇంకెవరినన్న అడిగి నిజం తెలుసుకుంటె అందరి మాట అబద్ధమైతది. సోమవారం సులోచన పోవాలె, ఆ మనిషి మళ్ల ఏ చెరుకు తోటలనో పడాలె.

"యెస్ సార్. ఐ లుక్ ఆఫ్టర్ హిమ్. సిన్స్ ఫోర్ డేస్."

"నాలుగు రోజులేనా? హోటలాయన ఆరేళ్లన్నాడే" అన్నడు. కోస్తా దిక్కు మాట ఆయనది.

"నేనైతె నాలుగు రోజులే సార్. అంతకుముందు కసురుతుంటి. ఆమెకు ఆ సంగతి తెల్వదు. నా తప్పుకు ఆమెను పట్టకుండ్రి, మీకు దండం పెడ్త."

ఆయన బెంచీ దిక్కు చూసిండు. నర్సింలు నేనిచ్చిన గ్లాసును రెండు చేతులతోని పట్టుకొని నిమ్మలంగ తాగుతుండు. ఆఫీసరు ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాక నిలబడ్డడు.

"అయితే చూసుకునేవాళ్లు ఇంకా పెరుగుతున్నారన్న మాట" అని కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

సోమవారం పొద్దుగాల పదకొండింటికి ట్రాన్స్‌ఫర్ రద్దయిందని ఆర్డరు వచ్చింది. సులోచన ఉరుక్కుంట వచ్చి చెప్పింది, చెప్పుకుంటనే ఏడ్చింది. నాకు గూడ ఏడుపు ఆగలే.

ఆ తర్వాత ఎవరొచ్చి చూసుకునేటోళ్లు లేరని కొట్టుమన్నా, ఇప్పటిదాక ఎవలు చూసుకున్నరో ముందు చెప్పుండ్రి అని అడుగుడు మొదలువెట్టిన. కొందరు "నీకెందుకయ్యా గివన్ని" అని వేరే టైపిస్టు కాడికి పోయిండ్రు. పోనీ. అడిగినందుకు చెప్పినోళ్లు శానమంది ఉన్నరు, ఒక్కొక్కరిది ఇంటుంటె పొద్దు తెల్వకపోతుండె. చూసుకునుడు అనే మాటను ఇరవై ఏండ్లు మంది కోసం కొట్టి బతికిన. నువ్వు చూసుకుంటున్నవా అని ఆ ఆఫీసరు నన్నడిగిననాడు, చెప్పుకోనీకి నా కాడ ఉన్నది నాలుగు రోజులే.