ఖాళీగా వదిలిన రెండో గడి

నా సర్వీసు మొత్తంలో నేనిచ్చిన ఆదేశాల్లో పొల్లుపోకుండా అమలైంది ఒక్కటే. కార్యకర్తలు ఒక్కరు కూడా తప్పలేదు, ఓటర్లు ఒక్కరు కూడా మరిచిపోలేదు. అంత క్రమశిక్షణ ఇంకే ప్రచార బృందానికీ ఉండి ఉండదు. ఆదేశమే తప్పు.

కెనడా కాలేజీలు మన పిల్లలతో కిటకిటలాడుతున్న ఏళ్ళవి. ఓ ఫిబ్రవరిలో అంటారియో రాష్ట్రంలోని ఒక పార్టీ నాయకత్వ ఎన్నికకి నన్ను వాన్ అనే ఊళ్ళో ఫీల్డ్ డైరెక్టర్‌గా వేశారు. పేరు గొప్పగానే ఉంటుంది. చేసే పని సభ్యుల్ని చేర్పించడం, వాళ్ళచేత ఓటు వేయించడం. పార్టీ నాయకుణ్ణి ఎన్నుకునేది సభ్యులే. మా పార్టీ నియమాల ప్రకారం ఆ రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళెవరైనా సభ్యులు కావచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. సభ్యత్వ రుసుము మాత్రం ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి.

పోటీలో ముగ్గురు. మా అభ్యర్థి డయాన్ ఒకప్పుడు నర్సు. విదేశీ విద్యార్థులకు కూడా ప్రభుత్వ హెల్త్ కార్డు ఇవ్వాలన్నది ఆవిడ ముఖ్యమైన హామీ. మొదటి స్థానంలో ఉన్నాయనకి ఆ మాటే గిట్టదు. రెండో స్థానంలో ఉన్నాయన అటూ ఇటూ తేల్చడు. మేం మూడో స్థానంలో ఉన్నాం, స్థిరంగా.

విద్యార్థుల్ని చేర్పించింది స్రవంతి. కరీంనగర్ అమ్మాయి. పగలు కాలేజీ, సాయంత్రాలు గోడౌన్లో ప్యాకింగ్. ఆమె రూమ్మేట్‌కి కడుపునొప్పి వస్తే, కాలేజీ ఇన్సూరెన్స్ దేనికి ఇస్తుందో దేనికి ఇవ్వదో తేలక ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేసుకుంది. అపెండిక్స్ పగిలాక తీసుకెళ్ళారు. ఆ పిల్ల బతికింది, సెమిస్టర్ పోయింది. అప్పట్నుంచి స్రవంతి ఆ హెల్త్ కార్డు మాట పట్టుకుని మన పిల్లలు అద్దెకుండే బేస్‌మెంట్ బేస్‌మెంట్‌కీ తిరిగి సభ్యుల్ని చేర్పించింది. నాకు జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆమెకి టీ కూడా నేను సరిగా ఇప్పించలేదు.

ఓటు పద్ధతి ఇక్కడ చెప్పాలి. పోస్టులో వచ్చే బ్యాలెట్ మీద ముగ్గురి పేర్లూ ఉంటాయి. ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయాలి. సగానికి మించి ఎవరికీ రాకపోతే ఆఖరివాళ్ళని తీసేస్తారు. వాళ్ళ బ్యాలెట్ల మీద రెండో నంబరు ఎవరికుంటే ఆ ఓట్లు వాళ్ళకి వెళ్తాయి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం పక్కన పెట్టేస్తారు. అలాంటివాటిని మా వృత్తిలో అయిపోయిన ఓట్లంటాం.

మాది చీరాల బజారులో బట్టల కొట్టు. పక్క కొట్టు పేరు మన నోట రాకూడదన్నది మా నాన్న నియమం. ఆడవాళ్ళు అడిగిన రంగు మా దగ్గర లేకపోతే, అసలా రంగు ఈ ఏడాది ఎవరూ నేయడం లేదమ్మా అని చెప్పేవాడు. నేను ఆ గుమ్మం మీద పెరిగినవాణ్ణి. బ్యాలెట్లు చేతికొచ్చిన రోజు స్రవంతి ఫోన్ చేసింది.

"అంకుల్, రెండో నంబర్ ఎవరికెయ్యాలని అందరూ అడుగుతున్నరు."

"ఎవరికీ వద్దు. డయాన్‌కి ఒకటి వేయండి, మిగతావి ఖాళీ. పక్క కొట్టుకి దారి మనమెందుకు చూపించాలి?"

"కాగితం చెల్లుతదా మరి?"

"భేషుగ్గా. తొందరగా కవరు పోస్టు డబ్బాలో వేసి ఫోటో గ్రూపులో పెట్టమను."

అదే రోజు మధ్యాహ్నం కెన్ ఫోన్ చేశాడు. రెండో స్థానంలో ఉన్నాయనకి నాలాంటి ఉద్యోగి. మీరు గెలవరు, మేం ఒంటరిగా గెలవలేం, మీవాళ్ళ రెండో ఓట్లు ఇప్పిస్తే ఏం కావాలి అన్నాడు. హెల్త్ కార్డు అన్నాను. ఉపన్యాసంలో ఒక మాట అనిపిస్తానన్నాడు. బేరం అక్కడే ఖాయం చేసుకుని, స్రవంతికి ఫోన్ చేసి కాస్త ఆగమంటే పని అయిపోయేది. కానీ మొదటి ధరకి ఒప్పుకోవడం మా వంశంలో లేదు. మేనిఫెస్టోలో రాతపూర్వకంగా ఉండాలన్నాను. పైగా రేపు ప్రభుత్వం వస్తే డయాన్‌కి ఆరోగ్యశాఖ ఇవ్వాలని అడిగాను, తర్వాత వదులుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని. కెన్ కుదరదన్నాడు. సరే వస్తానని ఫోన్ పెట్టేశాను. కొట్టు మెట్లు దిగే గిరాకీని వెనక్కి పిలుస్తారని నాకు తెలుసు.

పిలిచాడు, వారం దాటాక. ఆ వారమంతా గ్రూపులో ఫోటోలు వస్తూనే ఉన్నాయి. మంచులో ఎర్రటి పోస్టు డబ్బా, కవరు పట్టుకున్న చెయ్యి, వెనక ఇద్దరు ముగ్గురి నవ్వులు. ప్రతి ఫోటోకీ బొటనవేలు గుర్తు పెట్టాను. ఒక చేత్తో కెన్‌తో బేరం, ఇంకో చేత్తో శభాష్‌లు. రెండూ ఒకే సరుకు గురించని నా బుర్రకి తట్టలేదు.

చివరికి కెన్ దిగొచ్చాడు. హెల్త్ కార్డు వాక్యం మేనిఫెస్టోలోకి ఎక్కింది, వాళ్ళ అభ్యర్థి సంతకం పడింది. డయాన్ నన్ను కౌగిలించుకున్నంత పని చేసింది. నేను దర్జాగా స్రవంతికి ఫోన్ చేశాను, రెండో నంబరు ఫలానా ఆయనకి వేయించమని.

ఆమె గోడౌన్లో ఉంది, ప్యాకింగ్ టేపు లాగుతూనే అడిగింది.

"యాడ వేయించాలె అంకుల్? అందరివీ పోయినయ్. ఫోటోలు చూసి మీరే కదా బొటనవేళ్ళు పెట్టింది."

"అందరివీనా? కొందరైనా బద్ధకించి ఉంటారు కదమ్మా."

"బద్ధకమైనోళ్ళని నేనే కార్లో తీస్కపోయి వేయించిన. మీరే జల్ది అన్నరు."

పోనీ ఆ ఖాళీ గడులు ఎవరైనా నింపి ఉంటారేమోనని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఒకరిద్దరు వేస్తమన్నరు. అంకుల్ వద్దన్నడని కొట్లాడి ఆపిన," అంది.

డయాన్‌కి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కెన్‌కి ఈ రోజే చెప్పు, లెక్కింపు రోజున తెలియడం మర్యాద కాదంది. నేను చెప్పలేదు. కార్యకర్తలు మాట విని ఉండరులే అని జీవితంలో మొదటిసారి ఆశపడ్డాను.

లెక్కింపు హాల్లో మొదటి రౌండులో మమ్మల్ని తీసేశారు. మా కట్టలు విప్పి రెండో గడులు చూడడం మొదలుపెట్టారు. లెక్కించే ఆవిడ ఖాళీ, ఖాళీ, ఖాళీ అంటూ పక్కన పేరుస్తోంది. ఎదురుగా కెన్ నిలబడి ఉన్నాడు. కాసేపటికి కాగితాల్ని వదిలేసి నన్ను చూడడం మొదలుపెట్టాడు. వాళ్ళ అభ్యర్థి ఓడిపోయిన తేడా కన్నా మా ఖాళీ కట్ట ఎత్తుగా ఉంది. కెన్ నా పక్కకొచ్చి, ఖాళీ పెట్టెకి తొమ్మిది రోజులు బేరమాడావు, నిన్ను మెచ్చుకోవాలి, అన్నాడు. మెచ్చుకోలేదు.

వెనకబడిన అభ్యర్థి దగ్గర అమ్మకానికి ఉండే సరుకు రెండో ఓటొక్కటే. బ్యాలెట్లు పోస్టులో పడకముందే అది చేతిలో ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి ఎన్నికలోనూ మొదటి రోజే రెండో గడి నింపించాను, పక్క కొట్టు పేరు నోరారా చెప్పి.

ఇక బిల్లు. డయాన్ ఓడిపోయింది, అది ఎలాగూ జరిగేదే, నా పద్దులో రాయను. కెన్ అభ్యర్థి ఓడిపోయాడు, అది నా పద్దే. గెలిచినాయన మేనిఫెస్టోలో హెల్త్ కార్డు ఊసే లేదు. స్రవంతి చేర్పించిన వాళ్ళంతా పాత ఇన్సూరెన్సుతోనే చదువు ముగించారు, అదీ నా పద్దే. నా జీతం నాకు ఆఖరి సెంటుదాకా అందింది.