చెత్త చదివింపులు

ఆ రోజుల్ల గద్వాలల నా అంత అనుభవమున్న విద్యార్థి ఇంకొకడు లేడు. ఏడో తరగతి ఒక్కదాన్నే మూడేండ్లు చదివిన. నాలుగో ఏడు మళ్ల పోతే లెక్కల సారు వాకిట్లనే ఆపి, "ఇంకో ఏడాది కూసుంటే నీకు జీతం ఇయ్యాల్సి వస్తది, ఇంటికి పో నాయనా" అని దండం పెట్టిండు. మా నాయిన మగ్గం మీద కూసోబెట్టిండు. నేను నేసినదానికంటె తెంపిన పోగులే ఎక్కువైతే అక్కడి నుంచి కూడ లేపిండ్రు. చివరికి నాకు మిగిలిన విద్య ఒక్కటే, పెండ్లిళ్లల్ల మైకు పట్టి చదివింపులు చదువుడు. "పెద్దమందడి చిన్నాయిన చదివించినది, స్టీలు బిందె ఒకటీ..." అని రాగం తీస్తే ఇచ్చినోళ్ల మొఖాలు వెలిగిపోయేటియి. (తక్కువ ఇచ్చినోళ్లు నా గొంతు వినంగనే చెప్పులు వెతుక్కునేటోళ్లు.)

తొంభైలల్ల మునిసిపాలిటీకి ఒక కొత్త ఆఫీసరు వచ్చిండు. ఇండ్లల్ల చెత్తను రెండు తీర్ల వేరు చేయాలె, తడిది గంపల, పొడిది సంచిల. కాయితాలు, సీసాలు, ఇనుప ముక్కలు మళ్ల కరిగించి కొత్త సామాను చేస్తరు అని ఆయన పట్టుదల. ఇది జనానికి చెప్పనీకె గొంతున్న మనిషి కావాలంటే ఎవరో నన్ను చూపిచ్చిండ్రు. "పదిహేను దినాలు చూస్త. నీకిచ్చిన వాడకట్టు కదిలితే పని పక్కా, లేకుంటే లేదు" అన్నడు. ఆ వాడకట్టు ఏదో కాదు, మా మేనమామ ఉండే నేతోళ్ల వాడ. మామ బిడ్డను నాకియ్యాలని అత్తకు ఉండె. మామకేమో కల్వకుర్తిల బట్టల దుకాణం సంబంధం మీద మనసు, ఆ ఇంట్ల ఆయన మాటే మాట. "పనీపాటా లేనోనికి పిల్లనెట్ల ఇస్తనే? ఈ పదిహేను దినాలు కానీ, నీ అల్లుని సంగతి తేలుతది" అన్నడట. అట్ల నా కొలువు, నా పెండ్లి రెండూ పోయి చెత్తల పడ్డయి.

మొదటి వారం రిక్షాల మైకు పెట్టుకొని తిరిగిన. "అమ్మలారా, అక్కలారా, పనికిరాని సామాను ఇయ్యండి" అని గొంతు చించుకుంటే మూలింటి అవ్వ బయటికొచ్చి, "దీనికేమిస్తవ్ బిడ్డా?" అన్నది.

"ఏమియ్య అవ్వా, ఊకెనే ఇయ్యాలె."

"ఊకెనేనా? స్టీలు సామాన్లామె పాత చీరకు గిన్నె ఇస్తది. ఉల్లిగడ్డలోడు పగిలిన బకీటుకు గుప్పెడన్న పోస్తడు. నువ్వు ఒట్టి చేతులతోని వచ్చి ఊరు బాగుపడ్తదంటవేందిరా? జర సిగ్గుండాలె!"

(సిగ్గుంటే ఏడో తరగతిల మూడేండ్లు కూసుంటనా?) అసలు ఆ వాడల పారేసుడే తెల్వదు. తెగిన పోగులు వత్తులైతయి, చిరిగిన చీరలు బొంతలైతయి, నూనె డబ్బాల మిరపచెట్టు మొలుస్తది. దేనికీ పనికి రానిది అటకెక్కి కూసుంటది గని గడప దాటదు. ఎనిమిదో నాడు అవ్వకే జాలి కలిగి ఒక పగిలిన అద్దం తెచ్చి రిక్షాల ఏసింది. ఏసి, పోకుండ అట్లనే నిలబడ్డది. "ఏందవ్వా?" అంటే, "పెండ్లిల గ్లాసు ఇచ్చినా మైకుల చదువుతవ్. అద్దమిస్తే నా పేరు చదవవా?" అన్నది.

నాకు నెత్తిల బల్బు ఎలిగింది. మైకు అందుకున్న. "మూలింటి పెద్దవ్వ చదివించినదీ... పగిలిన అద్దం ఒకటీ!" గొంతు ఇంకా ఆగలేదు, ఎదురింటి తాత రెండు తుప్పు మూతలు పట్టుకొని ఉరికొచ్చిండు. ఆయన పేరు పడంగనే పక్కింటామె ఓటి బిందె తెచ్చింది. ఇగ చూడాలె! అటకలన్ని కిందికి దిగినయి. ఖిల్లా ఘణపూర్‌ల వియ్యంకుల ఇంటి నుంచి ఒకాయన బస్సుల మూట తెచ్చిండు. (ఆ మూటకు కండక్టరు టికెట్టు కొట్టిండట.) తడిది గంపల, పొడిది సంచిల వేరు చేసి పెట్టినోళ్ల పేరు రెండుసార్లు చదువుత అన్న, అంతే, చిన్న పిల్లలు కూడ తొక్కలు ఏరి పక్కకు పెట్టబట్టిరి.

ఎదురింటోళ్లు పాత సైకిలు చదివిచ్చిన నాడు మా మామకు అన్నం సహించలేదట. "రేపు మన పేరే ముందుండాలె" అని ఇంట్ల హుకుం చేసి పోగులకు పెట్టే గంజి సరుకు తేనీకె బజారుకు పోయిండు. పదిహేనో నాడు ఆఫీసరు స్వయంగ వచ్చి వాడ మొగదల కుర్చీల కూసున్నడు. మరదలు నిండు సంచి మోసుకొచ్చి నా ముందు పెట్టి, తల వంచుకొని పోయింది. మామ మీసం సవరించుకుంట నిలబడ్డడు. నేను అలవాటుగ చెయ్యి సంచిల పెట్టి రాగం ఎత్తుకున్న: "మా మేనమామ గారు చదివించినదీ... మందు సీసా ఒకటీ! మందు సీసా రెండూ..." ఆరో సీసా కాడ నాకు తెలివొచ్చింది గని అప్పటికే వాడంత గొంతు కలిపి లెక్కపెడ్తున్నది. పదకొండు! అత్త నెత్తి మీద చెయ్యి పెట్టి మందు మానిన అని ఒట్టేసినాయన, మగ్గం గుంతల దాచుకున్న సీసాలవి.

"ఏందయ్యా ఇది? నా నెత్తి మీద ఒట్టు ఇట్లనేనా?" అని అత్త నడి వాడల నిలదీసింది.

"ఓరి నీ నోరు పడిపోను! ఈ జన్మల నీకు పిల్లనియ్య!" అని మామ నా మీదికొచ్చిండు.

"నువ్వెవరయ్యా ఇయ్యనీకె? ఇయ్యాల్టి సంది ఈ ఇంట్ల మాట నాది. నువ్వు పదకొండు దాచినవ్, వాడు ఒక్కటి దాచలే. పిల్ల వానికే" అన్నది అత్త. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నడు. పని పక్కా చేసి పోయిండు.

ఇప్పుడు మా వాడకు రెండు డబ్బాల ఆటో వస్తది, అందుల పాట దానంతట అదే మోగుతది. నా అసోంటోని అవసరమే లేదు. అయినా ఆ పాట వినబడ్డప్పుడల్ల గొంతు సవరించుకుంట, పాత కాలం యాదికొచ్చి కండ్లు కొంచెం చెమ్మగిల్లుతయి. మొన్న అట్లనే పొంగిపోయి, "చూసినవా, ఏది వస్తే అది దాచకుండ చదివిన, అందుకే నిన్ను గెల్చుకున్న" అన్న మా ఇంటామెతోని. తొక్కలు గంపల ఏసుకుంట నా దిక్కు కూడ చూడకుండ అన్నది:

"గుంతలకెల్లి సీసాలు సంచిలకు నడుచుకుంట వచ్చినయా బావా? నీ తెలివిని నమ్ముకుంటే నేను ఇయ్యాల కల్వకుర్తిల చీరలు మడత పెట్టుకుంట కూసుందును."