తాళం వేసిన ఇంట్లో కుక్కర్ విజిల్

మీ ఇంట్లో దయ్యం ఉందని వీధి వీధంతా నమ్మిందనుకోండి. అది దయ్యం కాదని మీకు తెలుసు, రుజువూ మీ దగ్గరే ఉంది. అప్పుడు మీరు నోరు విప్పుతారా, మూసుకుంటారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను మూసుకున్నాను. అదీ ఎలాంటి రోజుల్లో! హేతువాదం నెత్తికెక్కి, సాయంత్రమైతే నాచారం కాలనీ సభల్లో మైకు పట్టుకుని "దయ్యాన్ని చూపించండి, గుండు కొట్టించుకుంటా" అని సవాళ్లు విసిరే ఆ రోజుల్లో. (ఒక్కరూ చూపించలేదు. జుట్టు మాత్రం తర్వాత దానంతటదే పోయింది.)

అప్పుడు నేను ఉప్పల్‌లో మా అక్కాబావల దగ్గర ఉండి డిగ్రీ చదువుతున్నాను. రెండు గదుల అద్దె వాటా, పక్క వాటాలో ఇంటి ఓనరమ్మ. బావ నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. అది మూతపడింది. ఎంత తిరిగినా ఇంకెక్కడా పని దొరకలేదు. అక్క బట్టలు కుట్టే కంపెనీలో చేరింది, ఇంటి పని బావ చేతికి వచ్చింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ మా బావ పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, టిఫిన్ డబ్బా సైకిల్‌కు తగిలించుకుని, అందరూ చూస్తుండగా ఎప్పటిలాగే షిఫ్టుకు బయలుదేరేవాడు. కాసేపటికి అక్క తలుపుకు తాళం వేసి తన పనికి పోయేది. వీధి సద్దుమణిగాక బావ సైకిల్‌ను బస్టాండు దగ్గర వదిలి, వెనక ఖాళీ ప్లాటులోని తుమ్మచెట్ల మధ్య నుంచి వచ్చి, గోడ దూకి, వెనక తలుపు తోసుకుని వంటింట్లో చేరేవాడు. సొంత ఇంట్లోకి దొంగలా! చప్పుడు కాకుండా గిన్నెలు తోమేవాడు, బట్టలుతికి గదిలోనే ఫ్యాను కింద ఆరేసేవాడు. సాయంత్రం మళ్లీ గోడ దూకి పోయి, షిఫ్టు దిగినట్టు సైకిల్ మీద ముందు గుమ్మంలోంచి వచ్చేవాడు. (నా చొక్కాలన్నీ తడి కంపు కొట్టేవి. కాలేజీలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నా భావాల ఘాటుకు తట్టుకోలేకపోతున్నారని మురిసిపోయేవాణ్ణి.)

బావ అన్నిటి నోరూ నొక్కగలిగాడు కానీ, కుక్కర్ నోరు నొక్కలేకపోయాడు. తాళం వేసిన ఇంట్లోంచి విజిల్! ఆ వెంటనే ఇంగువ పోపు వాసన! ఓనరమ్మకు చలిజ్వరం వచ్చినంత పనైంది. ఒక ఆదివారం ఆవిడ నారపల్లి నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించింది. వాడు మా గడప ముందు కూర్చుని నిమ్మకాయ కోశాడు. ఎర్రగా రసం కారింది. కత్తికి మందారపువ్వు రుద్దితే నిమ్మరసం అలా ఎర్రబడుతుందని సభల్లో నేనే చేసి చూపించేవాణ్ణి. లేవబోయాను.

"ఆడదయ్యమమ్మా," అన్నాడు వాడు. "తిండికి మొఖం వాసి సచ్చిన కోడలు."

"ఆడదని ఎట్ల దెల్సె?" అంది ఓనరమ్మ.

"వంట జేస్తుంది గద! మొగదయ్యం యాడనన్న పొయ్యికాడికి పోతదా?"

వీధి మొత్తం తలూపింది. చచ్చాక కూడా వంట ఆడవాళ్లదేనట! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నిమ్మకాయ లాక్కునేలోపే బావ నా రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయాడు.

"ఏం జెప్తవ్‌రా ఆళ్లకు?"

"దయ్యం లేదని చెప్త బావా."

"మరి విజిల్ ఎవలు కొట్టిచ్చిన్రు అంటరు. అప్పుడు?"

"నువ్వే అని చెప్తే ఏమైతది?"

"పెండ్లాం సంపాదిస్తుంటే ఈడు అంట్లు తోముతుండు అంటరు. ఇంట్ల దయ్యమున్నదంటే అననీరా బామ్మర్దీ. గా మాట మాత్రం నేను పడలేను."

కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, గడపకు నిమ్మకాయలు ఆయనే కట్టాడు. నేను స్టూలు పట్టుకున్నాను.

వానాకాలంలో ఒకనాడు అన్నం వారుస్తుంటే గిన్నె జారి మరిగే గంజి బావ కాలి మీద పడింది. ఆయన అరవలేదు. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. గిన్నె పడిన చప్పుడుకు ఓనరమ్మ కిటికీ దాకా వచ్చి, హనుమంతుణ్ణి తలుచుకుంటూ వెనక్కి పరుగెత్తింది. "అమ్మా" అంటే చాలు, వీధంతా వచ్చేది. అనలేదు. కాలిన కాలితో గోడ ఎక్కలేడు. సాయంత్రం అక్క తాళం తీసేదాకా పొయ్యి పక్కనే కూర్చున్నాడు.

ఫ్యాక్టరీలో సలసల కాగే నీళ్లు పడ్డాయని వీధికి చెప్పాడు. అందరూ పండ్లు పట్టుకుని వచ్చారు. ఎదురింటాయన భుజం తట్టి, "మొగోడంటే నువ్వేనే, కిక్కురుమనలే" అన్నాడు. పని పోయాక బావ మొహంలో అంత వెలుగు నేను అప్పుడే చూశాను. కానీ పుండు మానలేదు. సుగర్ ఉందని దవాఖానాలో చెప్పేదాకా మాకు తెలియదు. ముందు వేళ్లు తీశారు, తర్వాత పాదం. ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు. తెలంగాణ వచ్చి ఉప్పల్‌లో జనం రంగులు చల్లుకున్ననాటికి బావ లేడు.

దినం నాడు ఓనరమ్మ అక్క చేయి పట్టుకుని, "సంసారం కోసం కంపెనీల కాలు పోగొట్టుకున్నడు. మొగోడమ్మా నీ పెనిమిటి" అంది.

అక్క తలెత్తింది. "కంపెనీల గాదమ్మా. ఇంట్లనే. నాకు అన్నం వండుకుంట కాల్చుకున్నడు. మీరు దయ్యమన్నది ఆయన్నే. నేను పనికెల్లి వచ్చేసరికి వేడి వేడిగ వండి ఉంచెటోడు."

ఓనరమ్మ భోరుమంది. "గోడకు ఇవతలనే ఉంటి గద బిడ్డా! ఒక్క కేక ఏస్తే ఏమైతుండె?"

మైకు పట్టుకుని లేని దయ్యాలను తరిమిన ఆ బక్కపలచటి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు జాలితో నవ్వొస్తుంది. ఎన్ని మూఢనమ్మకాలను చీల్చి చెండాడాడో పాపం! మగతనాన్ని మాత్రం ఆ జాబితాలో చేర్చాలని వాడికి తోచలేదు.

మీ వీధిలోనూ పని పోయిన మగవాడు ఒకడు ఉంటాడు. "ఇప్పుడేం చేస్తున్నావ్?" అని ఆయన్ని పొడవడం మానండి. రేపు నలుగురూ వింటుండగా, "ఇయ్యాల ఏం కూర వండినవే అన్నా?" అని అడగండి. ఆయన తలెత్తి చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలకండి.