దీవెన అనుకున్న పాట

నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఎండాకాలంలో మా తండాకు సినిమావాళ్ళు వచ్చారు. జూలూరుపాడు నుంచి అడవిలోకి వచ్చే మట్టిదారిలో అప్పటిదాకా వెదురు లారీలు తప్ప వేరే బండి చూడలేదు మేం. కార్లు దిగినవాళ్ళలో తెల్లటోపీ పెట్టుకున్నాయన దర్శకుడు. ఆయన వెనకే చంకలో సంచితో మేనేజరు. మగవాళ్ళంతా వెదురు కొట్టడానికి పోయారు. చదువుకున్నదాన్నని వాళ్ళతో మాట్లాడే పని నాకు పడింది.

లంబాడీ ఆడవాళ్ళ పెళ్ళిబట్టలు చూడాలన్నారు. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి తన పేటియ తీసింది. పేటియ అంటే మా గాగ్రా. దానిమీదికి అద్దాల రవిక, గవ్వలు కుట్టిన తలగుడ్డ. పెళ్ళికి ముందు మేకలు కాస్తూ, చెట్టునీడన కూర్చుని ఆమె తన చేత్తో కుట్టుకున్నవి. పండక్కి తప్ప కట్టేది కాదు.

"అబ్బ, ఏం పనితనం!" అన్నాడు దర్శకుడు. "నాలుగు రోజులు ఇవ్వమ్మా. దీన్ని చూసి మేం ఇంకోటి కుట్టించుకుంటాం. నేనే స్వయంగా తెచ్చి నీ చేతికిస్తాను."

అమ్మ నావైపు తిరిగింది. "మా ఆడబిడ్డ అడిగితే గూడ ఇయ్యలే నేను. ఇంటికొచ్చి అడిగిండు, ఎట్ల కాదంట?" అని మూటకట్టి ఇచ్చింది.

వారం గడిచింది. ఎవరూ రాలేదు. అమ్మ బస్సెక్కి భద్రాచలం పోయి, వాళ్ళు దిగిన లాడ్జిలో అడిగింది. ఖాళీ చేసి మద్రాసు వెళ్ళిపోయారన్నారు.

మరుసటేడు ఆ సినిమా కొత్తగూడెంలో ఆడింది. అమ్మ, మేనత్త, నేను మ్యాట్నీకి పోయాం. వాళ్ళిద్దరూ రోజూ కట్టే పేటియల్లోనే ఉన్నారు. సగం సినిమా అయ్యాక విలన్ల గుహలోకి ఒక నాట్యకత్తె సీసా పట్టుకుని తూలుతూ వచ్చింది. నాకంటే ముందు అమ్మే గుర్తుపట్టింది. నా చేయి గట్టిగా పట్టుకుంది. పేటియ మోకాళ్ళపైకి కత్తిరించి ఉంది. రవిక వీపంతా కోసేశారు. ఆ పిల్ల ఒక్కొక్కడి ఒళ్ళో పడుతూ పాడుతుంటే హాలంతా ఈలలు. బెంచీలో ఒకడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, "అరే, అసలు సరుకు ఈడనే ఉన్నది రా!" అని అరిచాడు. ఇంకా చాలామంది తిరిగారు.

అమ్మ తలగుడ్డ ముఖం మీదికి లాక్కుంది తప్ప లేవలేదు. ఆట అయిపోయి జనమంతా వెళ్ళాక బయటికొచ్చాం. బస్సులో ఆమె అన్నది ఒకటే మాట.

"కత్తెర పెట్టిండు."

ఆ పాట పెళ్ళి మైకుల్లోకి ఎక్కింది. జూలూరుపాడు అంగట్లో మా ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు బేరమాడుతుంటే పోరగాళ్ళు పల్లవి ఎత్తుకునేవారు. హాస్టల్లో "మీ పాటే గదా, ఆడవే" అని తోటి ఆడపిల్లలు నన్ను మధ్యలోకి నెట్టేవారు. వార్డెనమ్మ కూడా నవ్వింది. తండాలో ఒక్కొక్కరే అంగడికి చీర కట్టుకుపోవడం మొదలుపెట్టారు. మేనత్త కూడా మారింది. అమ్మ మారలేదు. "నేనెందుకు ఇడుస్త? సిగ్గు లేంది ఆనికి," అనేది.

నాకు చదువు మీద కంటే ఆ టోపీ మీద ధ్యాస ఎక్కువైంది. ఆయన కారు కిన్నెరసాని వాగులో కొట్టుకుపోయినట్టు, తెలుగు నేలలో ఏ హాలూ ఆయన బొమ్మ వేయనన్నట్టు ఊహించుకుంటేగాని నిద్ర పట్టేది కాదు. ఆ సినిమా పడిపోవాలని భద్రాచలం రాముడికి మొక్కాను. వంద రోజులాడింది. కొన్నాళ్ళు రాముడి మీద కూడా పళ్ళు నూరాను.

నేను ఇంటర్ పూర్తిచేసిన ఎండాకాలం వాళ్ళే మళ్ళీ వచ్చారు. అదే దర్శకుడు, అదే మేనేజరు. ఈసారి అవార్డు సినిమా అట. అడవిబిడ్డల అసలు సంస్కృతి చూపిస్తారట. హీరో వాగు దాటి వచ్చేటప్పుడు మా ఆడవాళ్ళు సొంతపాట పాడుతూ ఆడాలి. దర్శకుడు మమ్మల్ని గుర్తుపట్టనే లేదు.

అమ్మ మేనేజరు ఎదురుగా పోయి నిలబడింది. "నా పేటియ ఏది?"

"ఏ పేటియమ్మా?" అన్నాడతను. విషయం చెప్తే నవ్వాడు. "సినిమా అన్నాక ఎన్ని గుడ్డలొస్తాయి, ఎన్ని పోతాయి! అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?"

మా నాన్న, మిగతా మగవాళ్ళు కర్రలు తీశారు. అమ్మే ఆపింది. మా భాషలో అంది, "కొడితే ఒక్కరోజు నొప్పి. పాట అడిగిండు గదా, ఇద్దాం."

మా పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిని తిడుతూ పాడటం ఆడవాళ్ళకు ఉన్న విద్యే. ఆ మర్నాడు బీడీల తునికాకు తెంపుతూ పాట కట్టారు. చెట్టు చెట్టు దగ్గరా ఒక్కొక్కరు ఒక్కో మాట అందించారు. మేనత్త అందరికంటే ఘాటుగా కలిపింది. తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది:

"టోపీ కింది బోడినక్కా, మా పెట్టెలో దూరిన దొంగకుక్కా, నీ ఆలి నీ ధోవతి కోసి లంగా కుట్టుకోవాలె, నీ అన్నంలో అద్దంపెంకులు పడాలె, నీ గొంతులో గవ్వ అడ్డం పడాలె, నీ గడప మీద గాడిద ఈనాలె."

వాగు ఒడ్డున కెమెరా పెట్టారు. మా ఆడవాళ్ళు వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతూ పాడారు. ఏళ్ళుగా మింగిన కోపమంతా గొంతులోకి వచ్చింది. దర్శకుడు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమ్మా, దీని అర్థమేమిటి?" అని నన్నడిగాడు.

"ఇంటికొచ్చిన అల్లుడికి దీవెన సార్. అన్నం, ఆలి, గడప సల్లగుండాలని."

"ఎంత గొప్ప మనసమ్మా మీది!" అన్నాడు. ఆగి, కొంచెం సిగ్గుపడుతూ, "అందులో నా పేరు కూడా పెట్టమని చెప్తావా? ఎప్పటికీ నిలిచిపోతుంది," అన్నాడు.

ఆ మాట అమ్మకు చెప్పాను. నా ముఖంలోకి చూసింది. కొత్తగూడెం హాలు తర్వాత ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం అప్పుడే చూశాను. "అడిగి మరీ పెట్టించుకుంటుండు!" అంది. నక్క పక్కన ఒకసారి, కుక్క పక్కన ఒకసారి ఆయన పేరు చేర్చారు. తన పేరు వినపడగానే ఆయన చేతులు జోడించాడు. మైకు ఇంకా దగ్గరికి జరపమన్నాడు. బాగా రాలేదేమోనని మళ్ళీ పాడించాడు. మా వాళ్ళు ఏమాత్రం విసుక్కోలేదు.

ఆ సినిమా వచ్చినప్పుడు తండా తండా అంతా తరలిపోయాం. పాట మొదలవగానే హాలు నిశ్శబ్దమైంది. మా వరుసల్లో మాత్రం ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాన్న కండువా నోట్లో కుక్కుకున్నాడు. ముందు సీటామె తిరిగి, "దేవుని పాటలెక్కుంది, నవ్వుతరేందమ్మా?" అని కసిరింది. "సంతోషం పట్టలేక పెద్దమ్మా," అన్నాను.

తర్వాత నేను టీచరయ్యాను. పెళ్ళయి, భర్త ఉద్యోగం వల్ల సారపాకలో కాపురం పెట్టాం. టీవీ కొన్నాం. అమ్మ కంటికి చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం టీవీలో ఆ దర్శకుడు కనపడ్డాడు. ముసలివాడయ్యాడు. టోపీ మాత్రం అదే తీరు.

"ఆ తండాలో నెలల తరబడి వాళ్ళ గంజి తాగి బతికాను," అని చెప్తున్నాడు. "నన్ను సొంత అల్లుడిలా దీవించారు. ఆ పాటే నాకు అన్నిటికంటే పెద్ద అవార్డు." ఇంటర్వ్యూ చేస్తున్న అమ్మాయి బతిమాలితే కళ్ళు మూసుకుని పాడాడు కూడా. నోరు తిరగకపోయినా ఒక్క తిట్టు వదల్లేదు. తన పేరు దగ్గర గొంతు వణికించాడు.

మా ఆయన మంచం మీద దొర్లి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గంజి తాగానన్న అబద్ధానికి ఒళ్ళు మండింది. "అసలు అర్థమేందో టీవోళ్ళకు రాస్త. ఊరంత నవ్వాలె ఆన్ని చూసి," అన్నాను.

"చెప్పకు," అంది అమ్మ. "తెలిస్తే నాల్గు దినాలు ఏడ్చి మరిచిపోతడు. తెల్వకుంటే బతికినన్ని దినాలు పాడుకుంటడు."

ఆమె మాట విని రాయలేదు. కొన్నేళ్ళకు ఆ దర్శకుడు పోయాడు. నివాళి అని రేడియోలో ఆ పాటే వేశారు. నేను వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. పక్కింటామె పాట వింటూ, "పాపం, మంచి మనిషట," అంది. నాకు జాలి కలగలేదు. లోపలికి పోయి సౌండు పెంచి వచ్చాను.