రెండో పుస్తకం

ఆత్మకూరు లైబ్రేరియన్ సారు పోయారని మంగళవారం ఉదయం ఉదయగిరిలో మా ఇంటికి ఫోను వచ్చింది. ప్రార్థన ముగించి లేస్తున్న నేను మళ్లీ మోకరించాను. మా చిన్నచెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఇవ్వడానికి తనకు పది రోజులే గడువు. సారు నెల్లూరు నుంచి తెప్పిస్తానన్న పుస్తకం తను ఇంకా చూడలేదు.

తను రాసేది మా మెట్ట ప్రాంతపు చెరువుల గురించి. సీతారామపురం పక్కనున్న మా సొంతూరి చెరువును కరువులో మిషను దొరలు తవ్వించారని చర్చి వార్షికోత్సవంలో ఏటా చెప్పుకుంటాం. పోయిన మా నాయన ప్రార్థనలోనూ అదే మాట. చెల్లెలు అట్లాగే రాసింది.

నెల కిందట సారు ఆ పేజీ చదివి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశారు.

"ఎవురు చెప్పినారమ్మా?"

"అందరూ చెప్తారు సార్. ఫోన్లో కూడా ఉండాది."

"ఫోన్లో పెట్టినోడికి మీ ఊరోళ్లే చెప్పుంటారు. అది ఇంకో సాక్ష్యం ఎట్లయితాది?"

తువ్వాలుతో దుమ్ము తుడవందే ఆయన ఏ పుస్తకమూ చేతికిచ్చేవారు కాదు. ఆ రోజూ తుడిచి, పాత జిల్లా పుస్తకం ముందు పెట్టారు. మిషను రాకముందే మా చెరువు ఉన్నట్టు అందులో రాసి ఉంది.

చెల్లెలు ఆ పూట అన్నం తినలేదు. నాయన మాట అబద్ధమా అక్కా అని అడిగింది. ఆదివారం చర్చిలో పెద్దల ముఖం చూడలేకపోయాను. సారు మాత్రం తొందరపడలేదు.

"ఒక్క పుస్తకం చూసి మీ నాయన్ని తప్పు పట్టబాకమ్మా. రెండోది చూడాల. నెల్లూరు నుంచి తెప్పిస్తా."

అంత్యక్రియలయ్యాక లైబ్రరీకి వెళ్లాం. అక్కడ ఊడ్చే అమ్మ చెల్లెల్ని గుర్తుపట్టింది.

"సోమవారం వచ్చినాదమ్మా పుస్తకం. సారే విప్పి చూసినారు. ఉదయగిరి పాపకు పొద్దున్నే ఫోన్ చెయ్యాల అన్నారు."

అది పాత కరువు పనుల నివేదిక. మా ఊరి పుట దగ్గర సారు చీటీ పెట్టి ఉంచారు. వరదకు తెగిన పాత కట్టను మిషను వాళ్లు మళ్లీ పోయించారు. మట్టి మోసింది మా ఊరి ఆడవాళ్లు; వాళ్ల పేర్లూ వరసగా రాసి ఉన్నాయి. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

"చర్చిలో ఎట్లా చెప్పాల అక్కా?"

"ఉన్నది చెప్పు."

ఫ్యాను గాలికి పుట లేస్తుంటే చెల్లెలు రెండు అరచేతులూ ఆనించి పట్టుకుంది. ఆ ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదవసాగింది.