అమ్మవారి అడుగున గుంట

నది దాటి దలా ఊరికి వెళ్లే ఫెర్రీ ఒక్కసారిగా ఊగింది. అమ్మ ఒడిలోని మూట జారి, అందులోని మా అమ్మవారు ఎదురు బల్ల మీదున్న జపాను ముసలావిడ కాళ్ల దగ్గరికి దొర్లింది. నడుము సన్నగా ఉన్న పిడికెడు ఇత్తడి రూపం అది. బోటాటౌంగ్ రేవు గొడౌన్‌లో బియ్యం తూచిన మా తాత దాన్ని ఇంటికి తెచ్చి, ఎవరికీ చూపించొద్దన్నాడట. మూడు తరాలుగా పసుపు రాసి మొక్కుతున్నాం.

ఆవిడ దాన్ని అరచేతిలో ఎత్తి చూసి, "ఫుందో" అంది. వచ్చీరాని బర్మీస్‌లో నాకు వివరించింది. అది తూనికరాయి అట. ఆ జపాను మాటలో మొదటి సగానికి విభజించడమని, రెండో సగానికి రాగి అని అర్థమట. ఆకారం పట్టుపురుగు గూడుదట.

ఆవిడ దాన్ని తిరగేసి, మేం ఏటా కుంకుమ నింపే గుంటలో వేలు పెట్టింది.

"ఇది తర్వాత ఎవరో తొలిచారు. బరువు తగ్గించి సరుకు తక్కువ తూచడానికి."

రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చేసింది.

"ఏటంతందిరా ఆవిడ?" అంది, ఆ వచ్చీరాని బర్మీస్ అర్థంకాని అమ్మ.

"అమ్మవారి పేరు ఫుందో అటమ్మా."

అమ్మ లెంపలేసుకుంది. "పుందోమ్మ తల్లీ! పేరు తెల్దు గాని ఇన్నాళ్లూ మొక్కీసినాం. తప్పు కాయమ్మా!"

ఇప్పుడు ఇంట్లో అందరూ ఆ పేరుతోనే మొక్కుతున్నారు. కుంకుమ నింపే పని నేను తీసుకున్నాను. ఎంత నింపినా ఆ గుంట నిండినట్టు అనిపించదు.