గేటు దాటని తల్లి

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలను.

ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ పడమటి కొసన ఒక బీద పేటలో ప్రైమరీ టీచర్‌ని. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటి నుంచి బయల్దేరితే చలికాలం దారంతా పొగమంచు, నిద్రలో నడిచినట్టే ఉండేది. ఆ పేటలో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. లూసియా నా క్లాసులో పిల్ల, లెక్కల్లో చిచ్చరపిడుగు. వాళ్ళమ్మ రోసా చికెన్ ఫ్యాక్టరీలో పనిచేసేది. రోజూ పిల్లను దింపి, అది గదిలోకి వెళ్ళేదాకా గేటు బయటే, ఆ మంచులో కూడా, నిలబడి చూసేది. తల్లిదండ్రులకని ఎన్ని మీటింగులు పెట్టినా లోపలికి రాలేదు.

ఎందుకు రాదో అక్కడ నాకొక్కదానికే తెలుసు. నూజివీడులో మా అమ్మ కూడా నా బడి మెట్టెక్కలేదు. "పంతులుగారికి అప్పజెప్పాక మనకేం పనే? కళ్ళు రెండూ వదిలేసి ఒళ్ళంతా తోలు వలిచినా ఆయనిష్టం" అనేది. అది పట్టనితనం కాదు. నమ్మకం.

తెలివైన పిల్లల ప్రత్యేక క్లాసులో ఒక్క సీటు మిగిలింది. లూసియాకి ఇద్దామా అని టీచర్ల మీటింగులో మాటొచ్చింది. "ఇంట్లో పట్టించుకుంటారా?" అని ప్రిన్సిపాల్ నన్నడిగింది. కిటికీ అవతల జకరండా పూలు మెల్లగా రాలుతున్నాయి. ఎక్కడో దూరం నుంచి నా మాట నేనే వింటున్నట్టుంది. "తల్లి ఎప్పుడూ రాదు" అన్నాను.

అబద్ధమా? కాదు. అందుకే ఇన్నాళ్ళు దాచుకోగలిగాను. రోసా మనసు వాళ్ళకి చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి, ఆ తెల్లవాళ్ళ మధ్య అప్పుడప్పుడే కుదురుకుంటున్న నేను చదువురాని తల్లి కూతుర్నని ఒప్పుకోవాలి. సిగ్గేసింది. మా అమ్మంటే సిగ్గేసింది.

సీటు ఇంకొకరికి పోయింది. మర్నాడు గేటు దగ్గరికి వెళ్ళి, లూసియాకి సీటు రాలేదని రోసాకి చెప్పాను.

"మా పిల్ల కోసం మీరు అడిగే ఉంటారు మిస్" అంది.

"అడిగాను" అన్నాను.

"గ్రాసియాస్, మిస్" అని వాళ్ళ భాషలో థాంక్స్ చెప్పింది. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదు.

తర్వాత వాళ్ళు ఊరు మారిపోయారు. లూసియా ఏమైందో నేను వెతకలేదు. వెతకడానికి భయం. రోసాకి చెప్పాల్సింది మీకు చెప్పడం కూడా పిరికితనమే, తెలుసు. అయినా ఒక్కసారి పైకి అననివ్వండి, ఊపిరాడుతుంది.

నేను అడగలేదు.